ఈటె విసిరిన చేతికి కత్తి ఎందుకు లొంగడం లేదు?

ఒంగోలు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అన్నా, నాకు 33 ఏళ్లు. కాలేజీలో జావెలిన్ విసిరేదాన్ని, జిల్లా పోటీల దాకా వెళ్లాను. భుజం పట్టేసి మానేశాను, తర్వాత పెళ్లి, పిల్లలు. ఈ మధ్య ఫోన్‌లో కత్తులు విసిరే వీడియోలు చూశాక మళ్లీ ఆ సరదా పుట్టింది. మొదట వంటింటి కత్తి విసిరితే పిడి ఊడిపోయింది. తర్వాత ఆన్‌లైన్‌లో మూడు చిన్న కత్తులు తెప్పించాను, జానెడు కూడా లేవు. ఏడెనిమిది అంగల దూరం నుంచి పెరట్లో కొబ్బరి చెట్టుకు విసురుతున్నాను. గురి తప్పడం లేదు, చెట్టుకే తగులుతోంది, కానీ పదిసార్లు విసిరితే ఒక్కసారి కూడా గుచ్చుకోవడం లేదు. ఎంత గట్టిగా విసిరితే అంత దూరం ఎగిరిపడుతోంది. మొన్న ఒకటి వెనక్కి వచ్చి నా కుచ్చిళ్ల దగ్గర పడింది. మా ఆయన పోలీసులు వస్తారంటున్నాడు. పెద్దోడికి ఏడేళ్లు, వాడేమో 'చెట్టు పక్కన నేను నిలబడతానమ్మా' అంటున్నాడు. తప్పు ఎక్కడుంది? అసలు నేను ఇది నేర్చుకోవచ్చా?"

చెల్లెమ్మా, అన్నిటికంటే ముందు పెద్దోడి సంగతి. చెట్టు పక్కన నిలబడటం అటుంచండి, మీరు కత్తి చేతిలోకి తీసుకున్నాక వాడు పెరట్లోనే ఉండకూడదు. ఇద్దరు పిల్లలూ లోపల ఉండాలి, పెరటి తలుపు గడియ పడాలి, ఆ గడియ మీరే మీ చేత్తో పెట్టాలి, ఇంకొకరికి చెప్పి వదిలేయకూడదు. సర్కస్‌లో మనిషిని నిలబెట్టి చుట్టూ కత్తులు విసురుతారు కదా అని వాడు అడుగుతాడు, అడిగితే కోప్పడకుండా ఒకటే చెప్పండి, కత్తి ఎటు ఎగిరిపడుతుందో అమ్మకే తెలియదు నాన్నా అని. అది అబద్ధం కూడా కాదు, మొన్న మీ కాళ్ల దగ్గర పడింది చూశారుగా.

ఇక నేర్చుకోవచ్చా అంటే, నేర్చుకోవచ్చు, నిశ్చింతగా నేర్చుకోవచ్చు. దీనికి పెద్ద బలం అక్కర్లేదు, వయసు అడ్డం కాదు, ఖర్చు కూడా మీరు అనుకున్నంత ఉండదు. నాకు నెల్లూరు ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు ఉంది, పద్నాలుగేళ్లుగా ఆదివారం సాయంత్రాలు షాపు వెనక దుంగ పెట్టుకుని విసురుతున్నాను. నాకూ చెప్పేవాళ్లు ఎవరూ లేరు. మీరు ఇప్పుడు చేస్తున్న తప్పే నేను దాదాపు ఆరు నెలలు చేశాను, అందుకే మీ ఉత్తరం చదవగానే తప్పు ఎక్కడుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

మీ తప్పు చేతిలో లేదు. మీరు నిలబడిన చోటులో ఉంది.

జావెలిన్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆడవాళ్లు విసిరే ఈటె 600 గ్రాములు, అది గాలిలో పల్టీలు కొట్టకూడదు, మొన ముందుకే ఉండాలి, ఒంట్లో ఉన్న బలమంతా దాని వెనక పెట్టాలి. కత్తి దానికి పూర్తిగా తిరగబడ్డ వస్తువు. కత్తి పల్టీ కొట్టి తీరుతుంది, మీరు వద్దన్నా కొడుతుంది. మీ పని దాన్ని ఆపడం కాదు, పల్టీ పూర్తయ్యి మొన ముందుకు వచ్చిన క్షణంలో అక్కడ చెక్క ఉండేలా చూసుకోవడం. చెక్క కదలదు కాబట్టి మీరే కదలాలి, ముందుకో వెనక్కో. అంతే, ఈ ఆటలో సగం విద్య ఇదే.

ఎంత దూరంలో నిలబడాలి అన్నది గాలిలో దీపం పెట్టినట్టు ఉండదు, దానికో లెక్క ఉంది. ఎడ్లబండి చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోతుంది? చక్రం చుట్టుకొలత ఎంతో అంత. కత్తి విసిరేటప్పుడు మీ మోచెయ్యి ఇరుసు, ముంజెయ్యి చక్రపు ఆకు. చెయ్యి ఎంత వేగంతో తిరుగుతూ ఉందో అదే వేగంతో తిరుగుతూ కత్తి చేతిలోంచి బయటపడుతుంది. నా మోచేతి నుంచి పట్టుకున్న కత్తి నడిమి దాకా టేపు పెట్టి చూస్తే 48 సెంటీమీటర్లు వచ్చింది. 2 × 3.14 × 48 వేయండి, 301 సెంటీమీటర్లు. అంటే నా కత్తి ఒక చుట్టు తిరగడానికి సుమారు 3 మీటర్లు తీసుకుంటుంది. అమెరికాలో జరిగే పోటీల్లో కూడా ఒక చుట్టుకు 3 మీటర్లు, అర చుట్టుకు 2 మీటర్లు అని కనీస దూరాలు పెట్టారు, వాళ్ల చేతులూ మన చేతుల్లాంటివే కదా. భుజం కూడా కొంచెం ఊగుతుంది కాబట్టి మనిషి మనిషికీ అటూ ఇటూ ఓ జానెడు, రెండు జానలు మారుతుంది, కానీ మొదలుపెట్టడానికి 3 మీటర్లు అందరికీ సరిపోతుంది.

ఇందులో మీరు ఆగి ఆలోచించాల్సిన ముక్క ఒకటుంది. గట్టిగా విసిరితే కత్తి ముందుకు పోయే వేగం పెరుగుతుంది, దాంతో పాటు తిరిగే వేగం కూడా అంతే పెరుగుతుంది. రెండూ కలిసి పెరిగితే ఒక చుట్టుకు పట్టే దూరం మారదు. మెల్లగా విసిరినా 3 మీటర్లే, గట్టిగా విసిరినా 3 మీటర్లే. కాబట్టి గుచ్చుకోకపోతే ఇంకా గట్టిగా విసరడం వల్ల ఒరిగేది ఏమీ లేదు, అడ్డంగా తగలాల్సిన కత్తి ఇంకా గట్టిగా అడ్డంగా తగిలి ఇంకా దూరం ఎగిరిపడుతుంది, మీకు జరుగుతున్నది అచ్చం అదే. ఏడెనిమిది అంగలంటే అయిదు మీటర్ల పైమాట, అక్కడికి ఒక చుట్టూ కాక రెండు చుట్లూ కాక మధ్యలో ఎక్కడో తేలుతోంది మీ కత్తి.

రెండోది మణికట్టు. జావెలిన్‌లో చివర్లో వేళ్లతో ఒక తోపు ఇచ్చే అలవాటు మీకు ఉండే ఉంటుంది. ఇక్కడ మణికట్టు విదిలిస్తే కత్తికి అదనపు తిరుగుడు వస్తుంది, అది ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, దాంతో నేను పైన చెప్పిన లెక్కంతా కొట్టుకుపోతుంది. మణికట్టు బిగిసి ఉండాలి, చేతికి కట్టు కట్టినట్టు. కొత్తలో నేను నిజంగానే మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని విసిరాను, రెండు వారాల్లో అలవాటు తిరిగింది. మీరూ చేసి చూడండి.

ఇప్పుడు కత్తులు. మీ దగ్గరున్న ఆ మూడూ తీసి పక్కన పెట్టేయండి. జానెడు కూడా లేని కత్తి అరవై గ్రాములు తూగితే ఎక్కువ, చేతిలోంచి ఎప్పుడు జారిందో కూడా తెలియదు, చెక్కలో దిగే బరువు దానికి లేదు. వీడియోల్లో చూడటానికి ముద్దుగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లంతా అవే కొంటారు. వంటింటి కత్తి అసలు పనికిరాదు, దాని ఉక్కు కోయడానికి గట్టిగా చేసిన ఉక్కు, పక్క నుంచి దెబ్బ పడితే ముక్కయి ఎగురుతుంది, పిడి ఒక్కటే ఊడినందుకు మంచిదైంది. విసిరే కత్తి 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, 200 నుంచి 300 గ్రాముల బరువు, పిడితో సహా ఒకే ముక్క, చెక్క పిడీ ప్లాస్టిక్ పిడీ ఏమీ ఉండకూడదు. మొన ఉంటే చాలు. అంచుకు పదును అక్కర్లేదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే రేపు మీరు మొన వైపు పట్టుకుని కూడా విసురుతారు, అదీకాక ఎగిరొచ్చే కత్తికి పదును ఎంత తక్కువుంటే అంత మంచిది.

కొనక్కర్లేదు, చేయించుకోండి. ఒంగోలులో ఏ ఇనుప కొట్టుకైనా వెళ్లి 25 బై 5 ఎం.ఎస్. ఫ్లాట్ అడగండి, అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ, గేట్లకూ కిటికీ గ్రిల్స్‌కూ వాడేది. మీటరు ముక్క దాదాపు కిలో తూగుతుంది, తూకానికే ఇస్తారు. దాన్ని 28 సెంటీమీటర్ల చొప్పున కోయిస్తే మూడు కత్తులు వస్తాయి, మొన తీశాక ఒక్కొక్కటి 250 గ్రాముల పైన ఉంటుంది. వెల్డింగ్ షాపులో గ్రైండర్ మీద పది నిమిషాల పని. మొన మరీ సూదిలా వద్దు, కొంచెం దిట్టంగా ఉండాలి, లేకపోతే రెండో రోజే వంకరపోతుంది. మెత్తని ఇనుము కాబట్టి ఎలాగూ అప్పుడప్పుడు వంగుతుంది, అది మంచిదే, వంగేది విరగదు. బండ మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిచేసుకోవచ్చు. లారీ కమాను పట్టీతో చేయిస్తే ఇంకా బాగుంటుంది కదా అని ఎవరైనా అంటారు, నిజమే, అది స్ప్రింగ్ ఉక్కు, ఏళ్ల తరబడి ఉంటుంది, కానీ మందం ఎక్కువ, గ్రైండ్ చేయడానికి చాలా టైం పడుతుంది, ఎర్రగా కాలనిస్తే ఆ ఉక్కుకున్న గట్టిదనం పోతుంది. అది రెండో ఏడాది చూసుకుందాం.

ఇంట్లో ఒక ఆకురాయి ఉంచుకోండి. కత్తులు ఒకదానికొకటి తగిలి అంచుల మీద చిన్న చిన్న ఇనుప ముళ్లు లేస్తాయి, కంటికి కనిపించవు, జారేటప్పుడు వేలు చీరేస్తాయి. విసరడం మొదలుపెట్టే ముందు ప్రతిసారీ అంచు మీద బొటనవేలు అడ్డంగా, మెల్లగా ఆనించి చూడండి, గరుకు తగిలితే ఆకురాయితో రెండు తోపులు తోయండి.

మీ ఆయన భయం గురించి. ఆయన అన్నది కొట్టిపారేసే మాట కాదు. ఆయుధాల చట్టం 1959 నాటిది, దాని కింద 2016లో వచ్చిన నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు పట్టా ఉన్న కత్తి, ఇంటి పనికో వ్యవసాయానికో పరిశ్రమకో చేసింది కాకపోతే, ఆయుధాల జాబితాలోకి వస్తుంది. 9 అంగుళాలంటే దాదాపు 23 సెంటీమీటర్లు. నేను చెప్పిన 28 సెంటీమీటర్లు పిడితో కలిపి, అందులో సగం పిడే, వెడల్పు ఒక్క అంగుళం. అయినా మీ ఊరి స్టేషన్‌లో ఒకసారి ఇద్దరూ వెళ్లి ఇలా పెరట్లో ఆడుకోవడానికి చేయించుకుంటున్నాం అని చెప్పి, వాళ్లేమంటారో విని రండి. పక్కింటి వాళ్లకు కూడా ముందే చెప్పండి, గోడ అవతల నుంచి రోజూ టక్ టక్ మని చప్పుడు వస్తుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. పెరడు దాటి బయటికి మాత్రం తీసుకెళ్లొద్దు, బస్సులో సంచిలో వేసుకుని ఇంకో ఊరు తీసుకెళ్లడం లాంటివి అసలు వద్దు.

కొబ్బరి చెట్టును ఇవాళే వదిలేయండి, ఇది నేను బతిమాలి చెప్తున్న మాట. మామిడికో వేపకో గాయమైతే చుట్టూ బెరడు పెరిగి కొంతకాలానికి మూసుకుంటుంది. కొబ్బరికి, తాటికి ఆ శక్తి లేదు, మాను మీద పడ్డ గాటు చెట్టు బతికినంత కాలం అలాగే ఉంటుంది. ఆ గాట్లలో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది, లోపల తొలిచేశాక మొవ్వు వాలిపోయేదాకా మీకు తెలియదు. ఏళ్ల తరబడి కాసే చెట్టును ఆటకు బలి పెట్టొద్దు. పైగా గుండ్రటి మాను మీద కత్తి ఏ పక్కకి తగిలితే ఆ పక్కకి జారుతుంది, మీరు సరిగ్గా విసిరినా గుచ్చుకోదు.

మీకు కావాల్సింది దుంగను అడ్డంగా కోసిన బిళ్ల, మాంసం కొట్లో మొద్దు ఉంటుంది చూడండి, అలాంటిది. కత్తి చెక్క నారల మధ్యలోకి దూరాలి, నారలకు అడ్డంగా కాదు. పలక మీద, తలుపు చెక్క మీద విసిరితే నారలకు అడ్డంగా తగులుతుంది, అందుకే ఎగిరిపడుతుంది. సామిల్లులో అడిగితే అడుగున్నర, రెండడుగుల వెడల్పు, జానెడు మందం బిళ్ల కోసిస్తారు. బూరుగు దొరికితే అంతకన్నా మంచిది లేదు, మెత్తగా ఉంటుంది. మామిడి బాగానే ఉంటుంది. మీ వైపు సుబాబుల్ తోటలు ఎక్కువ కదా, పచ్చిగా ఉన్నప్పుడు అదీ పనికొస్తుంది, లావు మాను దొరకడమే కష్టం, దొరక్కపోతే సన్నవి నాలుగైదు కలిపి కట్టలా బిగించుకోవచ్చు. సర్వి వద్దు, చిల్ల చెట్టు వద్దు, రెండూ రాయిలా ఉంటాయి, బిళ్లకు పనికిరావు. ఏ చెక్కయినా ఎండితే కత్తిని విసిరి కొడుతుంది, తడిగా ఉంటే పట్టుకుంటుంది. విసిరే రోజు పొద్దున్నే రెండు చెంబుల నీళ్లు దాని ముఖం మీద పోయండి, సాయంత్రం ముగించాక మళ్లీ పోయండి, నారలు ఉబ్బి గాట్లు వాటంతట అవే మూసుకుంటాయి, అలా చూసుకుంటే బిళ్ల చాలా కాలం వస్తుంది. బండి చక్రానికి పట్టా వేసినట్టు చుట్టూ ఒక ఇనుప పట్టీ బిగించారంటే పగుళ్లు రావు. నేల మీద మాత్రం వదలొద్దు, చెదలు పడతాయి.

మూడు సర్వి బొంగులు ముక్కాలి పీటలా కట్టి, బిళ్ల నడిమి భాగం మీ రొమ్ము ఎత్తుకు వచ్చేలా, కొంచెం వెనక్కి వాలేలా నిలబెట్టండి. వెనక గోడ ఉంటే ఆ గోడకు ముందు పాత గోనె పట్టాలు రెండు వరసలు వేలాడదీయండి, బిగించి కట్టకుండా వదులుగా వేలాడితేనే అవి కత్తిని మింగుతాయి. కింద సిమెంటు నేలయితే దాని మీద కూడా గోనెలు పరవండి, ఇసకైతే ఇంకా మంచిది. చుట్టుపక్కల రాళ్లు ఏరేయండి.

కాళ్లకు బూట్లు. దీని గురించి నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మూడో ఏడు అనుకుంటా, అప్పటికి నాకు బాగా వచ్చేసింది, ఒక రోజు షాపు కట్టేసి చెప్పులతోనే విసరడం మొదలుపెట్టాను. మామిడి బిళ్ల ఎండిపోయి ఉంది, నీళ్లు పోయడానికి బద్ధకించాను, దాంట్లో ఒక ముడి ఉంది. కత్తి సరిగ్గా ఆ ముడి మీద తగిలింది. చప్పుడు విన్నాను, అంతే, కత్తి వెనక్కి రావడం నేను చూడనే లేదు. కుడికాలి బొటనవేలి పైన దిగి పక్కన పడింది. మూడు కుట్లు, టిటి ఇంజెక్షన్, మూడు వారాలు లేత్ దగ్గర నిలబడలేకపోయాను. మూడు మీటర్ల నుంచి నేరుగా నా కాలి మీదికి వచ్చిందంటే ఎంత వేగంగా వచ్చి ఉంటుందో చూడండి. కాబట్టి చీర వద్దు, ప్యాంటో చుడీదారో వేసుకోండి, మూసి ఉన్న బూట్లు వేసుకోండి, కళ్లకు వెల్డింగ్ షాపుల్లో గ్రైండింగ్‌కు పెట్టుకునే తెల్ల అద్దాలు పెట్టుకోండి. మీ ఆయన చూస్తానంటే మీ వెనక నాలుగైదు మీటర్ల దూరంలో కూర్చోమనండి, పక్కన కాదు.

ఇక మొదటి సాయంత్రం ఏం చేయాలో చెప్తాను. ఎండ దిగాక మొదలుపెట్టండి, చెమట చేతులతో విసిరితే కత్తి ముందే జారిపోయి బిళ్ల పైనుంచి ఎగిరిపోతుంది, నడుముకు ఒక పొడి తువ్వాలు చెక్కుకుని ప్రతి విసురుకూ ముందు తుడుచుకోండి. ముగ్గుపిండి తెచ్చుకుని బిళ్ల నుంచి 3 మీటర్ల దగ్గర ఒక గీత గీయండి. దాని ముందు మూడు గీతలు, వెనక మూడు గీతలు, జానెడు జానెడు ఎడంలో. ఎడమ కాలి వేళ్లు మధ్య గీత మీద పెట్టండి. కుడిచేతి వాటం అయితే ఎడమ కాలు ముందు, అది మీకు అలవాటే.

కత్తిని పిడి దగ్గర సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోండి, కానీ మేకు కొట్టేటప్పుడు పట్టుకున్నంత బిగువు వద్దు, సుత్తిని పక్కవాళ్లకు అందించేటప్పుడు ఎంత పట్టు ఉంటుందో అంతే. చెయ్యి చెవి పక్కకు తీసుకెళ్లి, మోచెయ్యి ముందుకు చూసేలా ఉంచి, అక్కడి నుంచి చెయ్యి చాచండి. కత్తిని వదలాలి వదలాలి అని అనుకోకండి. చెయ్యి చెక్క వైపు పూర్తిగా చాచేసరికి అదే జారిపోతుంది, మీరు అడ్డుపడకుండా ఉంటే చాలు. కత్తి పోయాక చెయ్యి ఆపొద్దు, అలాగే ఎడమ తుంటి దాకా రానివ్వండి. పరుగు లేదు, అడుగు లేదు, ఒంటి బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి వస్తే చాలు. మీ భుజం పాత గాయం కాబట్టి మోచేతి నుంచే విసరండి, సగం బలం కూడా పెట్టకండి, 250 గ్రాముల ఇనుముకు ఆ వేగం సరిపోతుంది, నొప్పి అనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి, మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించాకే మళ్లీ.

మొదట్లో గుచ్చుకోదు, కానీ ఎందుకు గుచ్చుకోలేదో కత్తే చెప్తుంది, దాన్ని చదవడం నేర్చుకోండి. నేను చేసే చిన్న పని ఒకటుంది. కత్తి మొనకు తడి పసుపు, పిడి చివరకు తడి ముగ్గుపిండి అద్ది విసరండి. కత్తి కింద పడినా బిళ్ల మీద మచ్చలు ఉంటాయి, దగ్గరికెళ్లి చూడండి. పసుపు పైన, తెలుపు కింద ఉంటే కత్తి మొన ఆకాశం వైపు ఉండగానే చెక్క వచ్చేసింది, అంటే ఇంకా పావు చుట్టు తిరగాల్సి ఉంది, పావు చుట్టంటే ముప్పావు మీటరు, మూడు గీతలు వెనక్కి వెళ్లండి. తెలుపు పైన, పసుపు కింద ఉంటే మొన దాటిపోయి కిందికి దిగింది, మూడు గీతలు ముందుకు రండి. తెల్ల మచ్చ ఒక్కటే ఉంటే అర చుట్టు తేడా, అలాంటప్పుడు ముందు మణికట్టు చూసుకోండి, విదిలిస్తున్నారేమో, దూరం సంగతి తర్వాత.

గుచ్చుకోవడం మొదలయ్యాక మచ్చలు అక్కర్లేదు, పిడి చూస్తే చాలు. పిడి పైకి లేచి ఉంటే ఎక్కువ తిరిగింది, జానెడు ముందుకు. పిడి కిందికి ఉంటే తక్కువ తిరిగింది, జానెడు వెనక్కి. ఇక్కడ చాలామంది మోసపోతారు. కత్తి కొంచెమే దిగితే దాని బరువుకు అదే కిందికి వేలాడుతుంది, అది చూసి వెనక్కి జరిగిపోతారు. పిడిని కాకుండా చెక్కలో పడ్డ గాటును చూడాలి, కత్తి తీశాక ఆ గాటు లోపలికి ఏటవాలుగా పైకి పోయిందా, తిన్నగా పోయిందా అని. మీ ఆయనను వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీయమనండి, అనుమానం ఉన్నప్పుడు దాంట్లో తేలిపోతుంది.

ఒక మాట, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. దూరం మారిస్తే పట్టు మార్చొద్దు, పట్టు మారిస్తే దూరం మార్చొద్దు. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల గుచ్చుకుందో దేనివల్ల గుచ్చుకోలేదో మీకు ఎప్పటికీ తెలియదు, నా ఆరు నెలలు అలాగే పోయాయి.

మూడు కత్తులూ విసిరేశాకే తీసుకోవడానికి వెళ్లాలి. వెళ్లినప్పుడు చెక్కలో ఉన్నవి ముందు, కింద పడ్డవి తర్వాత, ఎందుకంటే కింద పడ్డదాని కోసం వంగి లేచేటప్పుడు చెక్కలో ఉన్న పిడి సరిగ్గా కంటి ఎత్తులో ఉంటుంది. బిళ్ల పక్కన నిలబడి ఒక చెయ్యి చెక్కకు ఆనించి తిన్నగా వెనక్కి లాగండి, పక్కలకు ఊపితే మొన వంగుతుంది. ముగించాక మూడూ లెక్కపెట్టుకుని పెట్టెలో పెట్టి తాళం వేయండి, మీ పెరట్లో గడ్డి ఉంటే ఒకటి దాంట్లో ఉండిపోతుంది, మర్నాడు పిల్లలకు దొరుకుతుంది.

రోజుకు ముప్పై విసుర్లు చాలు, అరగంట పని. అలసిన చెయ్యి తప్పునే నేర్చుకుంటుంది. ముప్పైలో ఇరవై గుచ్చుకునేదాకా ఆ 3 మీటర్ల చోటు వదలొద్దు, మధ్యలో నల్ల చుక్క పెట్టి గురి చూడటం కూడా అప్పటిదాకా వద్దు, గురి మీకు ఎలాగూ ఉంది. ఆ తర్వాత మొన వైపు పట్టుకుని 2 మీటర్ల నుంచి అర చుట్టు, 4 మీటర్ల నుంచి చుట్టున్నర చూడొచ్చు. నేనైతే అర చుట్టు కంటే చుట్టున్నర ముందు నేర్చుకోమంటాను, రెండు మీటర్లంటే చెక్కకు మరీ దగ్గర, ఎగిరొస్తే తప్పుకునే టైం ఉండదు. అసలు పల్టీ లేకుండా తిన్నగా పోయేలా విసరడం ఒకటి వీడియోల్లో చూసి ఉంటారు, చూపుడువేలు కత్తి వెన్ను మీద జారుస్తూ తిరుగుడు చంపేస్తారు, అది వేరే విద్య, దీంతో కలిపితే రెండూ రావు, ఒక ఏడాది దాని జోలికి వెళ్లొద్దు.

బిళ్ల దొరికి, కత్తులు తయారయ్యాక మొదటి సాయంత్రం పిల్లల నోటుపుస్తకంలో ముప్పై వరసలు గీసుకోండి. ఎన్ని గుచ్చుకున్నాయన్నది నాకు అక్కర్లేదు. ప్రతి విసురుకూ ఏ గీత మీద నిలబడ్డారు, పసుపు పైనుందా కిందుందా, అది రాసి ఆ పేజీ ఫోటో తీసి పంపండి. మీ దూరం 3 మీటర్లకు ఎటు వైపు ఎన్ని జానలు ఉందో ఆ పేజీ చూసి చెప్తాను.